ఎంపీసీ చదివే అమ్మాయి రక్తం మీద పరిశోధన చేయగలదా?

ప్రశ్న: మా పాప ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. బాబుకి తలసీమియా, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అక్క మూలుగ సరిపోతుందేమోనని పరీక్ష చేయిస్తే సరిపోలేదు. అప్పటి నుంచి రక్త మూలకణాల మీద పరిశోధన చేస్తానంటోంది, నానో టెక్నాలజీ అని కూడా అంటోంది. బంధువులేమో బైపీసీకి మార్చమంటున్నారు. మార్చమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మార్చకండి. లెక్కలు వదిలేస్తే పాప వెళ్లాలనుకున్న చోటు ఇంకా దూరమవుతుంది.

రక్త మూలకణం, అంటే మూలుగలో ఉండి రక్తకణాలన్నిటినీ పుట్టించే కణం, ఉందని మొదట రుజువు చేసిన ఇద్దరిలో ఒకాయన, జేమ్స్ టిల్, భౌతికశాస్త్రం చదువుకున్నవారే. రెండో ఆయన ఎర్నెస్ట్ మెక్‌కలక్, డాక్టరు. టొరంటోలో ఇద్దరూ కలిసి ఎలుకలకు రేడియేషన్ ఇచ్చి, వాటికి వేరే ఎలుకల మూలుగ ఎక్కించారు. పది రోజులకు ప్లీహం మీద చిన్న చిన్న బుడిపెలు లేచాయి. కూర్చుని లెక్కపెట్టారు. ఎక్కువ కణాలు ఎక్కిస్తే అదే లెక్కన ఎక్కువ బుడిపెలు, సుమారు పదివేల కణాలకు ఒకటి. ఒక్కో బుడిపె ఒక్కో కణం నుంచే పుట్టి ఉండాలన్న ఆలోచనకు ఆ లెక్కే దారి చూపింది. 1961లో అచ్చయిన ఆ పని మీదే ఈ శాస్త్రమంతా నిలబడింది.

నానో విషయంలోనూ పాప సరైన చోటే చూస్తోంది. క్యాస్‌జెవీ అనే చికిత్సకు తలసీమియా కోసం 2023 నవంబర్‌లో బ్రిటన్, 2024 జనవరిలో అమెరికా అనుమతిచ్చాయి. దాత అక్కర్లేదు. రోగి సొంత మూలకణాలను బయటికి తీసి, తల్లి కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ మళ్లీ తయారయ్యేలా క్రిస్పర్ అనే జన్యువుల్ని కత్తిరించే పద్ధతితో మార్చి, తిరిగి ఎక్కిస్తారు. కానీ దానికి ముందు గట్టి కీమో ఇచ్చి పాత మూలుగను ఖాళీ చేయాలి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. మీబోటి వాళ్లకు ఇది అందాలంటే మందే నేరుగా మూలుగలోకి వెళ్లాలి. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో వాడిన, దాదాపు వంద నానోమీటర్ల కొవ్వు బుడగలతో ఆ ప్రయత్నం జరుగుతోంది. మామూలుగా ఎక్కిస్తే వాటిలో చాలా వరకు కాలేయమే పట్టేసుకుంటుంది. బుడగ సైజెంత ఉండాలి, దాని మీద విద్యుదావేశం ఎంత, కణం లోపలికి చేరాక ఎక్కడ విచ్చుకోవాలి అన్నవన్నీ ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రశ్నలు. ఫిలడెల్ఫియా శాస్త్రవేత్తలు బుడగకు ఒక యాంటీబాడీ (ఫలానా కణాన్నే గుర్తుపట్టి అంటుకునే ప్రొటీన్) అతికించి ఎలుకల మూలుగలోని మూలకణాలను చేరుకున్నామని 2023లో ప్రకటించారు. మనుషుల దాకా రావడానికి ఇంకా చాలా పని ఉంది. ఆ పనికి మీ పాపలాంటి వాళ్లే కావాలి.

మన దగ్గరా ఈ పని నడుస్తోంది. వెల్లూరు సీఎంసీ ఆస్పత్రిలో ఐదుగురు హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగుల మూలకణాల్లోకి వాళ్లకు కావలసిన జన్యువును చేర్చి ఎక్కించారు. ఆ తర్వాత వాళ్లకు రక్తస్రావాలు కాలేదని 2024 డిసెంబర్‌లో వెల్లడించారు.

చదువు సంగతికొస్తే, ముందు ఐసర్‌లు, అంటే సైన్స్ చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన సంస్థలు, చూడండి. తిరుపతిలోనే ఒకటుంది. డిగ్రీ, పీజీ కలిపిన బీఎస్-ఎంఎస్ అయిదేళ్లు. ప్రవేశానికి ఐఏటీ అనే పరీక్ష రాయాలి: మొత్తం 60 ప్రశ్నలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ తలా 15. ఎంపీసీ వాళ్లూ రాయొచ్చు, కానీ బయాలజీని గాలికొదిలేస్తే పావు పేపరు పోయినట్టే. అక్కడ సీటు రాకపోతే ఎంపీసీతోనే బీటెక్ బయోటెక్నాలజీలో చేరొచ్చు. డిగ్రీ పేరులోనే "నానో" ఉందని ఏ కాలేజీ పిలిచినా వెళ్లకండి, పునాది గట్టిపడకుండా ఆ ప్రత్యేక చదువు నిలవదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ తర్వాత పీహెచ్‌డీకి మరో అయిదారేళ్లు. మొదట్లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక భృతి నెలకు 37,000 రూపాయలు వస్తుంది, తన ఖర్చుకు తను చూసుకోగలదు. ఇంటికి పంపాలని మాత్రం ఆ రోజుల్లో ఆశపెట్టుకోకండి.

ఈ వారమే ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి బయాలజీ పుస్తకం కొనివ్వండి. మొక్కల పాఠాలు తర్వాత, ముందు కణం పాఠం తెరవమనండి. బాబుకి రక్తం ఎక్కేంతసేపూ ఆస్పత్రిలో పక్కనే కూర్చుంటుంది కదా, అప్పుడు చదువుకోవచ్చు.