మోటారు మీద అరచెయ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

లో వోల్టేజి గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం చేరి పది రోజులైంది. మూడుసార్లు చదివాను. తెలుగు బాగుంది. నా మనవరాలి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

నాలుగో పేజీ దగ్గర మాత్రం కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. "ఓమ్ నియమం ప్రకారం వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గుతుంది. కాబట్టి లో వోల్టేజి వల్ల మోటార్లకు హాని ఉండదు" అన్నావు. అదే పేజీ అడుగున ఒకే ఒక్క వాక్యం. మీ నాన్నగారు ఎండాకాలం రాత్రిళ్లు బావి దగ్గరికి వెళ్లి, మోటారు మీద చెయ్యి పెట్టి చూసి, మరీ కాలుతుంటే ఆపేసేవారని. అది చదివాక కాసేపు కదల్లేకపోయాను. లో వోల్టేజి మోటారును ఏం చేస్తుందో ఆయన అరచేతికి తెలుసు. నువ్వు అరచేతిని వదిలేసి సూత్రాన్ని నమ్మావు.

రెండు వేల వాట్ల గీజరు తీసుకో. 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, అంటే కరెంటుకు తగిలే అడ్డు, దాదాపు 26.5 ఓమ్‌లు. వోల్టేజి 180కి పడితే కరెంటు 6.8కి దిగుతుంది, పవరు 1225 వాట్లకు పడిపోతుంది. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, అంతే. నీ వాక్యం గీజరుకు చక్కగా సరిపోతుంది.

మోటారు గీజరు కాదమ్మా. దాని నెత్తిన బావి నీళ్ల బరువుంది. వోల్టేజి పడిందని ఆ బరువు తగ్గదు. అదే పని చెయ్యడానికి అది ఎక్కువ కరెంటు లాగుతుంది. త్రీఫేజు అయిదు హార్స్‌పవర్ మోటారు 415 వోల్టుల దగ్గర సుమారు ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుందనుకో. రాత్రి కరెంటు రాగానే ఊళ్లో ఆటోమేటిక్ స్టార్టర్లన్నీ ఒక్కసారే మోటార్లను లేపుతాయి. వోల్టేజి 340కి పడితే ఆంపియర్లు తొమ్మిది దాటుతాయి. వైండింగ్‌లో, అంటే మోటారు లోపలి తీగ చుట్టలో, పుట్టే వేడికి కరెంటును కరెంటుతోనే గుణించి, ఆపైన నిరోధంతో గుణించాలి. కరెంటు పెరిగింది అయిదో వంతు పైచిలుకే, వేడి మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లయింది. మీ నాన్నగారి చెయ్యి చురుక్కుమన్నది ఈ లెక్కకే. నీ వ్యాసం మొదలుపెట్టాల్సింది అక్కడ. నువ్వు దాన్ని అడుగున పడేశావు.

ముప్పై ఏళ్లుగా నేను చెబుతున్నది ఒకటే, కొలవకుండా రాయకు. నా తొలి వ్యాసంలో వంద వాట్ల బల్బు నిరోధం లెక్కకట్టాను. వందను 230తో భాగిస్తే 0.435 ఆంపియర్లు. 230ని దానితో భాగిస్తే 529 ఓమ్‌లు. అచ్చయిన వారానికి మోటార్లు చుట్టే షాపాయన పత్రిక చేత్తో పట్టుకుని వచ్చాడు. కొత్త బల్బు తీసి మీటరు పెట్టాడు. నలభై ఓమ్‌లు. "ఏది అబద్ధం సార్, మీ వ్యాసమా, నా మీటరా?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. రెండూ నిజమేనని తర్వాత తెలిసింది. టంగ్‌స్టన్ తీగ చల్లగా ఉన్నప్పుడు నలభై, తెల్లగా వెలుగుతున్నప్పుడు 529. స్విచ్ వేసిన క్షణంలో కరెంటు ఎగదన్నేది, పాత బల్బులు సరిగ్గా అప్పుడే పోయేది అందుకే. ఆ తర్వాత ఆరు నెలలు సాయంత్రాలు ఆయన షాపులోనే కూర్చున్నాను. నేను నేర్చుకున్నదంతా అక్కడే.

నువ్వు చెప్పిన నియమం కనిపెట్టిన ఓమ్ కూడా కూర్చుని ఊహించినవాడు కాదు. తాళాలు చేసే ఆయన కొడుకు, జర్మనీలోని కొలోన్‌లో పంతులు. పరికరాలు తనే చేసుకున్నాడు. అప్పటి బ్యాటరీలు నిలకడగా ఉండక కొలతలు చెడుతుంటే, బిస్మత్ అనే లోహాన్నీ, రాగినీ అతికించి ఒక అతుకును మరిగే నీళ్లలో, ఇంకోదాన్ని మంచులో పెట్టి నిలకడైన వోల్టేజి పుట్టించాడు. 1827లో ఆయన పుస్తకం వేస్తే స్వదేశంలో ఆదరణ అంతంతమాత్రం. లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది 1841లో. ఇంత కష్టాన్ని నువ్వు ఒక త్రిభుజంలో ఇరికించావు. పైన వి అంటే వోల్టేజి, కింద ఐ అంటే కరెంటు, ఆర్ అంటే నిరోధం, కావలసినదాని మీద వేలు మూసుకో. కోచింగ్ సెంటర్లు తెచ్చిన ఈ ఫ్యాషన్‌ను నేను క్షమించలేను. వేలితో మూయడం నేర్చిన పిల్లవాడికి వోల్టేజి నెడుతుందనీ, నిరోధం అడ్డుపడుతుందనీ ఎప్పటికి తెలియాలి?

ఎడిటర్లు నీ లెక్కలు కొట్టేస్తారు. నాకూ జరిగింది. "అంకెలుంటే పాఠకుడు పేజీ తిప్పేస్తాడు" అని ఒకాయన నా వ్యాసంలో ఆంపియర్లన్నీ తీసేశాడు. ఇంకొకాయన నేను రాసిన "కరెంటు"ను "విద్యుత్ప్రవాహము" చేశాడు, "వైండింగ్ కాలిపోయింది" అన్నదాన్ని "దగ్ధమైనది" చేశాడు. ఎవరి పొలంలో మోటారు దగ్ధమవుతుంది? మరో పత్రికలో 8.7లో చుక్క ఎగిరిపోయి గీజరు 87 ఆంపియర్లు లాగింది, సవరణ వెయ్యమని నాలుగు ఉత్తరాలు రాసినా వెయ్యలేదు. అయినా నువ్వు అంకెలు వదలకు. రైతుకు అంకెలంటే భయం లేదు, మోటారు చుట్టించిన ఖర్చు ఆయనకు పైసలతో సహా గుర్తుంటుంది.

పుస్తకంగా వెయ్యడం గురించీ, కలం పేరు గురించీ అడిగావు. అవి ఇప్పుడు వద్దు.

వచ్చే సెలవుల్లో ఊరు వెళ్లు. ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకో. స్టార్టర్ డబ్బా మూత నువ్వు తియ్యకు, ఆయన్నే తియ్యనివ్వు. తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌తో మూడు ఫేజుల ఆంపియర్లూ, మీటరుతో వోల్టేజీ సాయంత్రం ఒకసారి, ఊరంతా మోటార్లు వేశాక ఒకసారి చూసి రాసుకో. నేను పైన వేసిన లెక్కతో నీ అంకెలు కలవకపోతే నీ అంకెలే పంపు.

మీ నాన్నగారిని ఒకటి అడుగు. చెయ్యి ఎక్కడ పెట్టేవారు, పంపు వైపా, నడిమి ఒంటి మీదా, వెనక ఫ్యాన్ మూత వైపా? ఎంతసేపు ఉంచగలిగితే పర్వాలేదనుకునేవారు? ఆయన ఎలా చెబితే అలాగే, ఒక్క మాట మార్చకుండా రాసి పంపు.

ఆశీస్సులతో.