ఎండాకాలం క్యాంపుకి పిల్లాడి బ్యాగు ఎవరు సర్దాలి?

"మా బాబుకి పదకొండేళ్ళు. మే నెలలో వికారాబాద్ వైపు వారం రోజుల సమ్మర్ క్యాంపుకి పంపుతున్నాం. ఎండలు చూస్తే భయమేస్తోంది. బ్యాగులో ఏమేం పెట్టాలి?" అని అడిగారు.

ఏం పెట్టాలో చెప్తాను. కానీ ముందు మీరు ఆ బ్యాగు ముట్టుకోకండి. మీ బాబునే సర్దుకోనివ్వండి. నేను మల్కాజిగిరిలో ఉంటాను. వేసవి సెలవుల్లో ఇలాంటి క్యాంపులోనే వాలంటీరుగా పిల్లల గదులు చూసుకుంటాను. ఎండకి సొమ్మసిల్లే పిల్లల్లో చాలామందికి కావలసినవన్నీ బ్యాగులోనే ఉంటాయి. ఉన్నాయన్న సంగతే వాళ్ళకి తెలియదు.

ఒక బాబు సంగతి చెప్తాను. మీ అబ్బాయి వయసే. మా బస్సు మెహదీపట్నంలో బయల్దేరి మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా వెళ్తుంది. ఆ దారిలో రోడ్డుకి రెండు వైపులా పెద్ద పెద్ద మర్రిచెట్లు ఉంటాయి కాబట్టి పిల్లలకి ఎండ తెలియదు. (రోడ్డు వెడల్పు కోసం ఆ చెట్లు కొట్టేస్తామన్న మాట విన్నప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది.) క్యాంపు దగ్గర అంత నీడ లేదు. రెండో రోజు మధ్యాహ్నం ఖోఖో ఆడుతున్న పిల్లల్లోంచి ఈ బాబు బయటికి వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మొహం కందిపోయింది. తలనొప్పి అన్నాడు, వాంతి వచ్చేలా ఉందన్నాడు. ఒంటి మీద ముందు రోజు బస్సులో వేసుకున్న చొక్కానే ఉంది, దళసరి పాలిస్టర్ స్పోర్ట్స్ జెర్సీ.

"నీళ్ళు తాగావా నాన్నా?"

"బాటిల్ అయిపోయింది ఆంటీ."

"ఓఆర్ఎస్ ప్యాకెట్ తెచ్చుకున్నావా?"

"తెలీదు ఆంటీ. మమ్మీ సర్దింది."

మా మందుల పెట్టె ఆఫీసు గదిలో ఉంటుంది. అది గ్రౌండుకి ఆ చివర. వీడి గది పక్కనే కాబట్టి నీడకి తీసుకెళ్ళి వీడి సూట్‌కేసే తెరిచాను. ఆ సర్దడం చూసి నేనే ఒక్క క్షణం ఆగిపోయాను. సోమవారం, మంగళవారం అని చీటీలు అంటించిన జిప్ కవర్లు. ఒక్కో కవర్లో ఇస్త్రీ చేసిన చొక్కా, నిక్కరు, బనియను, చేతిరుమాలు. అడుగున రెండు జీన్స్ ప్యాంట్లు. వాటి కింద ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ధర చీటీ కూడా తీయని టోపీ, మెత్తటి నూలు తువ్వాలు.

"మరి చొక్కా ఎందుకు మార్చుకోలేదురా?" అంటే వాడు చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. "తీస్తే మళ్ళీ అలా సర్దడం నాకు రాదు ఆంటీ. మమ్మీ కోప్పడుతుంది."

జెర్సీ విప్పించి, తువ్వాలు తడిపి మెడకీ చంకలకీ ఒత్తి, ఫ్యాను కింద కూర్చోబెట్టి ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగించాం. గంటలో తేరుకున్నాడు. సాయంత్రం ఇద్దరం కలిసి సూట్‌కేసు మొత్తం మంచం మీద కుమ్మరించాం. ఏది ఎక్కడ పెట్టుకుంటావో నువ్వే చెప్పు అన్నాను. వాడు పెట్టిన పద్ధతి నాకైతే అర్థం కాలేదు, సాక్సు టోపీలో కుక్కాడు. కానీ ఆ తర్వాత రోజూ చొక్కా మార్చాడు, టోపీ పెట్టాడు, ఒక్కసారి కూడా "ఎక్కడుందో తెలీదు" అనలేదు.

అందుకే మీరు పక్కన కూర్చుని చెప్పండి, చెయ్యి మాత్రం పెట్టకండి. మడతలు పోతే పోనీయండి. ఒకసారి సర్దాక మొత్తం తీయించి మళ్ళీ సర్దించండి. తిరిగొచ్చే రోజు వాడు చేయాల్సిన పని అదే కదా.

ఇక నీళ్ళ బాటిల్. సరిగ్గా ఒక లీటరు పట్టే స్టీలు బాటిలే కొనండి, ముప్పావు లీటరుది వద్దు. ఎందుకంటే మందుల షాపులో దొరికే పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్, సుమారు 21 గ్రాములది, లీటరు నీళ్ళకి లెక్క. చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకి. పెద్ద ప్యాకెట్ తీసుకెళ్ళి చిన్న బాటిల్లో పోస్తే ఉప్పు ఎక్కువైపోయి మేలుకి బదులు కీడు జరుగుతుంది. బాటిలే కొలత అయితే పిల్లాడు తప్పు చేయలేడు. ఇంట్లో ఒకసారి వాడి చేతే కలిపించండి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయాలని కూడా చెప్పండి. ఆటకి ముందు, ఆటకి తర్వాత మామూలు నీళ్ళు తాగడం దినచర్య కావాలి. ఓఆర్ఎస్ బాగా నీరసించినప్పుడో, వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడో.

ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉంటాయి. అట్టపెట్టెల్లో తియ్యటి డ్రింకులకి ఓఆర్ఎస్ అని పేరు తగిలించి మన పిల్లల చేత ఏళ్ళ తరబడి తాగించారు. దీని మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు సంవత్సరాల పాటు పోరాడితే, 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార పదార్థాల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ) ఆ డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. నీళ్ళు అవసరమైన పిల్లాడికి చక్కెర నీళ్ళు అమ్ముకున్నారంటే ఎంత అన్యాయం చెప్పండి!

మన ఎండ చెన్నై ఎండలా కాదు. అక్కడ చెమట కారుతూ కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ పొడి గాలికి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్ళు తడవలేదు కదా అని పిల్లలు దాహం వేసేదాకా నీళ్ళ జోలికే పోరు. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే నీళ్ళు చాలలేదని మీ బాబుకి చెప్పండి. సిగ్గుపడే విషయం కాదు. మాట తడబడినా, స్పృహ తప్పుతున్నట్టున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. అప్పుడు నోట్లో ఏమీ పోయకుండా ఒళ్ళు తడుపుతూ 108కి ఫోన్ చేయాలి.

బట్టల్లో జీన్స్ అసలు వద్దు. ఉతికితే ఆరవు, తొడుక్కుంటే తొడలు ఒరుసుకుపోతాయి. వదులుగా ఉండే పాత కాటన్ చొక్కాలు, వాటిలో రెండు ఫుల్ హ్యాండ్స్‌వి ఉండాలి. లోదుస్తులు మాత్రం రోజుకి రెండు జతల లెక్కన పెట్టుకోమనండి, చెమటకాయలకి అంతకన్నా మంచి మందు లేదు. టోపీ చుట్టూ అంచు ఉన్నదైతేనే మెడకి నీడ. కోఠీలో, సుల్తాన్ బజార్‌లో రోడ్డు పక్కనే దొరుకుతాయి. బూట్లు పాతవే, స్నానానికి రబ్బరు చెప్పులు. మే నెల సాయంత్రాలు ఉన్నట్టుండి గాలివాన వస్తుంది కాబట్టి నాలుగు ప్లాస్టిక్ కవర్లు, బట్టలు ఆరేసుకోవడానికి తాడు. టార్చి, దోమల క్రీము, పలచటి దుప్పటి.

కొన్ని క్యాంపుల వాళ్ళు వాట్సాప్‌లో పంపే లిస్టులో స్వెట్టర్ కూడా ఉంటుంది. మే నెలలో వికారాబాద్‌కి స్వెట్టరా! ఏ కొండ ప్రాంతం క్యాంపు లిస్టో ఎత్తి పంపేస్తారు, తల్లిదండ్రులు డబ్బులు పెట్టి కొనేస్తారు. చక్రాల సూట్‌కేసు కూడా అంతే, ఎర్రమట్టిలో చక్రాలు తిరగవు. భుజాన వేసుకునే బ్యాగు చాలు, అదీ మీ బాబు మోయగలిగినంతే.

తినడానికి చాక్లెట్లు వద్దు, కరిగి బట్టలన్నీ పాడై గదినిండా చీమలు. సకినాలో చెగోడీలో గట్టి మూత డబ్బాలో పెట్టండి, పక్క మంచం పిల్లలకి కూడా సరిపోయేలా.

రోజూ వేసుకునే మందులు ఏవైనా ఉంటే మాత్రం బ్యాగులో పెట్టకండి. ఏది ఎప్పుడు వేయాలో తెలుగులో చీటీ రాసి, బస్సు దగ్గరే వాలంటీరు చేతికి ఇవ్వండి. మీ ఫోన్ నంబరు కూడా ఆ చీటీ మీదే రాయండి.