టెక్ సందేహాలు: కీ నొక్కింది ఇప్పుడు, వినిపించేది ఇంకాసేపటికి

చర్చిలో పాటల బృందాలకు పియానో, కీబోర్డు వాయించేవాళ్ల నుంచి ఉత్తరాలు ఈమధ్య బాగా పెరిగాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదు. విడివిడిగా జవాబులు రాసే బదులు ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే ఇస్తున్నాను. వాల్యూమ్ ఎక్కడ, వాయిస్ ఎలా మార్చాలి వంటివి చెప్పను. వాయించేవాళ్లకు అవి తెలిసినవే.

ప్రశ్న: మా బృందంలో ఎనిమిది మందిమి. డిజిటల్ పియానో హెడ్‌ఫోన్ జాక్‌కు చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ పెట్టి, పెద్ద స్పీకర్‌కు కలిపాం. ఒక్కడినే వాయిస్తే ఏదో సర్దుకుపోతున్నాను. అందరూ పాడటం మొదలుపెట్టాక పాట నెమ్మదిస్తూ పోతోంది. స్పీకర్ మార్చమంటారా?

జవాబు: ఎంత మంచి స్పీకర్ తెచ్చినా ఇదే జరుగుతుంది. మామూలు బ్లూటూత్ ఆడియో శబ్దాన్ని కుదించి, ముక్కలుగా పంపి, అవతల కాసేపు నిల్వ చేసుకుని అప్పుడు వినిపిస్తుంది. ఇదంతా జరగడానికి 100 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. నిమిషానికి 120 బీట్లతో సాగే పాటలో ఒక బీటు 500 మిల్లీసెకన్లు. 200 మిల్లీసెకన్ల ఆలస్యమంటే దాదాపు అర బీటు పోయినట్టే.

పాట ఎందుకు నెమ్మదిస్తుందో చూడండి. మీరు కొన్ని కీలు కలిపి నొక్కుతారు. పాడేవాళ్లు అది వినిపించాక ఎత్తుకుంటారు. వాళ్ల గొంతు మీకు ఆలస్యంగా అందుతుంది కాబట్టి వాళ్ల కోసం మీరు కాస్త ఆగుతారు. మీరు ఆగారని వాళ్లు ఇంకాస్త ఆగుతారు. ఇందులో ఎవరి లయా చెడిపోలేదు. దయచేసి ఈ ఒక్క విషయం మీ బృందానికి చెప్పండి. నాకు రాసినవాళ్లలో కొందరు, ‘మా ఆల్టోలకు (కింది శ్రుతిలో పాడే ఆడవాళ్లకు) తాళం నిలవడం లేదు’ అని వాళ్ల మీద నెపం వేశారు. ట్రాన్స్‌మిటర్ పీకేసి మళ్లీ పాడించి చూడండి, ఆల్టోలు చక్కగా నిలబడతారు.

అదే స్పీకర్‌లో సినిమా చూస్తే పెదవులకూ మాటకూ తేడా రాదేమని చాలామంది అడుగుతున్నారు. ఆలస్యం ఎంతో ఫోన్‌కు తెలుసు కాబట్టి బొమ్మను కూడా అంతసేపు ఆపి చూపిస్తుంది. మీ వేళ్లను అలా ఆపడం ఏ పరికరం వల్లా కాదు. ‘లో లేటెన్సీ’ అని డబ్బా మీద రాసినవి కూడా ఎక్కువగా సినిమాలు, ఆటల కోసం ఉద్దేశించినవే. పైగా పంపే పరికరం, అందుకునే పరికరం రెండూ ఆ పద్ధతిని అర్థం చేసుకుంటేనే ఆ మాటకు విలువ. గాలిలో శబ్దానికి మీటరుకు సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. 4 మీటర్ల దూరంలోని స్పీకర్ అంటే 12 మిల్లీసెకన్లు. అంత తేడాను సంగీతం వచ్చినవాళ్లు తెలియకుండానే సర్దుకుంటారు. 200 అంటే స్పీకర్‌ను దాదాపు 70 మీటర్ల అవతల పెట్టి వాయించడం. ఎంత అనుభవం ఉన్నా దానికి సర్దుకోలేరు.

కాబట్టి కేబుల్ వేయండి. పియానో వెనక లైన్ అవుట్ (శబ్దాన్ని బయటికి పంపే జాక్) ఉంటే, ఒకే కేబుల్ ఉన్నప్పుడు ‘ఎల్/మోనో’ అని రాసి ఉన్న దాంట్లో పెట్టాలి. ‘ఆర్’లో పెడితే సగం శబ్దమే వస్తుంది. హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే ఉంటే ఇంకో చిక్కు ఉంది. స్టీరియో కేబుల్‌ను నేరుగా తెచ్చి మిక్సర్‌లో ఒకే బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కు (రెండు తీగల మధ్య తేడాను మాత్రమే తీసుకునే దానికి) గుచ్చితే, ఎడమ కుడి ఛానళ్లు రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండింటిలోనూ సమానంగా ఉన్న శబ్దం మాయమై, పియానో డొల్లగా, ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. ‘మా పియానో పాడైపోయింది’ అని రాసిన ఇద్దరి సమస్య నాకు తెలిసి ఇదే. ఒక వైపు ఒకటి, రెండో వైపు రెండు పిన్నులు ఉండే వై కేబుల్ తెచ్చి రెండు లైన్ ఛానళ్లలో పెట్టండి.

తీగ లాగడం కుదరని హాలైతే, వాద్యాల కోసమే చేసిన ట్రాన్స్‌మిటర్, రిసీవర్ జతలు దొరుకుతాయి. అవి బ్లూటూత్ కావు. వాటి ఆలస్యం కొద్ది మిల్లీసెకన్లే.

మరో మాట. పియానో మీద బ్లూటూత్ గుర్తు ఉంది కదా అని స్పీకర్‌కు కలపబోయి విసిగిపోయినవాళ్లూ ఉన్నారు. చాలా పియానోల్లో అది ఫోన్‌లోని పాటను పియానో స్పీకర్లలో వినడానికే పనికొస్తుంది, బయటికి పంపదు. బ్లూటూత్ మిడి అని రాసి ఉంటే అది ఇంకో సంగతి. దాంట్లో వెళ్లేది శబ్దం కాదు, ఏ కీ ఎంత బలంగా నొక్కారన్న సమాచారం మాత్రమే. ఈ రెంటికీ ఒకే గుర్తు అచ్చువేసి వదిలేయడం తయారీదారుల నిర్లక్ష్యం తప్ప మరేమీ కాదు.

ప్రశ్న: ప్రసంగం అయ్యాక ముగింపు పాట మొదలుపెట్టేసరికి కీబోర్డు దానంతట అదే ఆఫ్ అయి ఉంటోంది. మళ్లీ ఆన్ చేస్తే పెడల్ తిరగబడి, కాలు తీసినప్పుడు స్వరాలు సాగుతున్నాయి. స్కేల్ కూడా మారిపోతోంది. రిపేరుకు ఇవ్వాలా?

జవాబు: రిపేరు అక్కర్లేదు. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే ఆఫ్ అయ్యే ఆటో పవర్ ఆఫ్ అది. చాలా మోడళ్లలో 30 నిమిషాలకు పెట్టి ఉంటుంది. మెనూలో తీసేయవచ్చు. కొన్నింట్లో ఎడమ చివరి కీని నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే రద్దవుతుంది. పెడల్ తిరగబడటానికి కారణం మీ కాలు. చాలా కీబోర్డులు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ ఎటు ఉందో చూసి, అదే ‘వదిలిన స్థితి’ అనుకుంటాయి. పాట మొదలవుతోందన్న టెన్షన్‌లో పెడల్ మీద కాలు పెట్టే స్విచ్ వేస్తున్నారు. కాలు తీసి వేయండి. ఇక స్కేల్ అంటారా, ఆఫ్ అయినప్పుడు మీరు పెట్టుకున్న ట్రాన్స్‌పోజ్ (స్కేల్‌ను పైకీ కిందికీ జరిపే సెట్టింగ్) సున్నాకు వచ్చేసింది, అంతే.

అసలు నాకు కోపం తెప్పించేది ట్రాన్స్‌పోజే. పాడేవాళ్లందరి గొంతునూ ఒక్కసారిగా ప్రభావితం చేసే సెట్టింగ్ అది. ఒకప్పుడు దానికి ప్రత్యేకంగా బటన్, పక్కన ఎర్ర లైటు ఉండేవి. ఇప్పుడు కొన్ని కొత్త మోడళ్లలో దాన్ని, కీబోర్డును రెండు వాయిస్‌లకు పంచే స్ప్లిట్‌నీ, తాళం కొట్టే మెట్రోనోమ్‌నీ తీసుకెళ్లి ఫోన్ యాప్‌లో దాచారు. యాప్ తెరవాలంటే అకౌంట్ చేయాలి, లాగిన్ అవ్వాలి, లొకేషన్ అనుమతి ఇవ్వాలి. పియానోకు నేనెక్కడున్నానో ఎందుకు? ఆండ్రాయిడ్ 11 వరకు చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరిగా ఉండేది. ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి వేరే అనుమతి వచ్చింది. కొత్త ఫోన్‌లో కూడా ఇంకా లొకేషనే అడుగుతోందంటే ఆ యాప్ రాసినవాళ్లు బద్ధకించారని అర్థం. ఇవ్వకండి.

1983లో వచ్చిన మిడి కేబుల్ ఈనాటికీ పనిచేస్తోంది. ఆ కాలపు కీబోర్డును ఇప్పటి కంప్యూటర్‌కు ఒక చిన్న ఇంటర్‌ఫేస్‌తో కలిపి వాయించవచ్చు. చెక్కా ప్లాస్టిక్కూ ఇరవై ఏళ్లు నిలుస్తాయి. యాప్‌ను కంపెనీ కొన్నేళ్లలో వదిలేస్తే, ఆ తర్వాత వచ్చే ఫోన్లలో అది తెరుచుకోదు. అప్పుడు నిక్షేపంలా ఉన్న వాద్యంలో ట్రాన్స్‌పోజ్ మార్చే దారి ఉండదు. సంఘం అంతా కలిసి కొనుక్కున్న వస్తువును ఇలా యాప్‌కు కట్టిపడేయడం నాకు అస్సలు నచ్చదు. కొత్తది కొనేవాళ్లు ఒక్క పరీక్ష చేయండి. ఫోన్ జేబులోంచి తీయకుండా ట్రాన్స్‌పోజ్, మెట్రోనోమ్, ఆటో పవర్ ఆఫ్ మార్చగలరేమో చూడండి. లేకపోతే వేరే మోడల్ చూసుకోండి.

ప్రశ్న: మా క్వయర్ లీడర్ గారు వాట్సాప్ గ్రూపులో ఒక యాప్ పంపారు. పాట నోట్స్ (సంగీత లిపి) ఫొటో తీస్తే పియానోలో వాయించి వినిపిస్తుందట. డబ్బు కట్టే యాప్‌నే ఎవరో ‘అన్‌లాక్’ చేశారట. వేసుకోవచ్చా? దాంతోపాటు ఎలా ఇన్‌స్టాల్ చేయాలో వివరంగా ఒక మెసేజ్ కూడా ఉంది.

జవాబు: వద్దు. నాకు వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే, అందుకే కొంచెం విపులంగా చెబుతాను.

మీరు జత చేసిన ఆ వివరం చదివాను. అందులో మూడో మెట్టు ఇలా ఉంది: యాప్ ఇన్ఫోకు వెళ్లి, పైన మూడు చుక్కలు నొక్కి, ‘అలో రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్’ ఇవ్వాలి. తర్వాత యాక్సెసిబిలిటీలో యాప్‌ను ఆన్ చేయాలి. ఈ ఒక్క మెట్టు చాలు, దాన్ని నమ్మకూడదని చెప్పడానికి. ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చిన యాప్‌లకు యాక్సెసిబిలిటీ సులువుగా దొరక్కుండా ఆండ్రాయిడ్ 13లో ఒక అడ్డు పెట్టారు. ఆ అడ్డును మీ చేత్తోనే తీయించడానికి రాసిన మెసేజ్ అది. చూపు సరిగా లేనివాళ్లకు ఫోన్ తెర చదివి వినిపించడం వంటి పనుల కోసం ఉన్న అనుమతి అది. అది ఇచ్చారంటే ఆ యాప్ మీ తెర మీద ఉన్నదంతా చదవగలదు, మీరు టైప్ చేసేది గమనించగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. బ్యాంకు యాప్ తెరిచినప్పుడు కూడా. నోట్స్ ఫొటో చదవడానికి కెమెరా చాలు. యాక్సెసిబిలిటీతో దానికి ఏ పనీ లేదు.

ఇందులో లీడర్ గారి తప్పు వెతకాల్సిన పనిలేదు. ఆయనకు ఇంకో బృందం నుంచి వచ్చి ఉంటుంది, వాళ్లకు మరొకరి నుంచి. ఇలాంటివి వ్యాపించేదే ఆ నమ్మకం మీద. ముక్కూమొహం తెలియని నంబరు నుంచి వస్తే ఎవరూ వేసుకోరు. వారం వారం కలిసి పాడే మనిషి పంపితే రెండో ఆలోచన లేకుండా నొక్కుతారు. క్వయర్ గ్రూపులో పెద్దవాళ్లు ఉంటారు, కాలేజీ పిల్లలు ఉంటారు, సంఘం లెక్కలు చూసే కోశాధికారి కూడా ఉంటారు. ఆ కోశాధికారి ఫోన్ ఒక్కటి చాలు మోసగాళ్లకు.

ఇప్పటికే వేసుకున్నవాళ్లు ముందు నెట్ ఆపేయండి, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. యాక్సెసిబిలిటీలోనూ, డివైస్ అడ్మిన్ యాప్‌లలోనూ, నోటిఫికేషన్ యాక్సెస్‌లోనూ దాని పేరు ఉందేమో చూసి ఆఫ్ చేసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఆఫ్ చేయబోతే సెట్టింగ్స్ తనంతట తాను మూసుకుపోతుంటే ఇక వెనకాడకుండా ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చేది ఇంకో ఫోన్ నుంచి, అదే ఫోన్ నుంచి కాదు. బ్యాంకుకు ఫోన్ చేసి చెప్పండి. గ్రూప్ అడ్మిన్ ఆ మెసేజ్‌ను అందరికీ డిలీట్ చేయాలి. అంతటితో ఆగకుండా వేసుకున్నవాళ్లు ఎవరో ఒక్కొక్కరినీ అడగాలి. సిగ్గుపడి చెప్పనివాళ్లే ఎక్కువ నష్టపోతారు.

నోట్స్ విని నేర్చుకోవడానికి దొంగ యాప్ అవసరమే లేదు. కంప్యూటర్‌లో మ్యూజ్‌స్కోర్ స్టూడియో పూర్తిగా ఉచితం. నాలుగు గొంతుల్లో పాడే పాటను ఎక్కించుకుని, మిక్సర్‌లో టెనర్ గొంతు ఒక్కటే ఉంచి మిగతావి మ్యూట్ చేయవచ్చు. వేగం తగ్గించవచ్చు, స్కేల్ మార్చవచ్చు. కాపీరైట్ తీరిన క్వయర్ సంగీతం సీపీడీఎల్ (CPDL), ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ (IMSLP) సైట్లలో దొరుకుతుంది. ఆ సైట్ల పేర్లు టైప్ చేసి వెళ్లండి. ప్రకటనల్లో మెరిసే డౌన్‌లోడ్ బటన్ల జోలికి పోకండి.

ప్రశ్న: సభ్యులు వేర్వేరు ఊళ్లలో ఉన్నారు. వీడియో కాల్‌లో ప్రాక్టీస్ చేస్తుంటే నా పియానో మధ్యమధ్యలో మింగేసినట్టు పోతోంది. అందరూ కలిసి పాడలేకపోతున్నాం.

జవాబు: పియానోను మింగేస్తున్నది శబ్ద నిరోధకం. వీడియో కాల్ యాప్‌లు మాటను మాత్రమే కాపాడి, ఏకధాటిగా సాగే స్వరాన్ని ఫ్యాన్ రొదలా లెక్కేసి తొక్కేస్తాయి. ఆడియో సెట్టింగ్స్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ లాంటిది ఉంటే ఆన్ చేయండి. అయితే కలిసి పాడటం మాత్రం కుదరదు. 25, 30 మిల్లీసెకన్లు దాటితే బృందం లయ జారడం మొదలవుతుంది. వీడియో కాల్‌లో ఆలస్యం దానికి ఎన్నో రెట్లు. జామ్యులస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సంగీతం కోసమే రాసింది. కానీ ప్రతి ఒక్కరికీ వైఫై కాకుండా నెట్‌వర్క్ కేబుల్, తీగ ఉన్న హెడ్‌ఫోన్ ఉండాలి, సర్వర్ దగ్గర్లో ఉండాలి. ఊళ్లు దూరమైతే అదీ కష్టమే.

అందుకని కాల్‌ను మాటలకు వాడుకోండి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఏ మాట ఎలా పలకాలి అన్నవి చెప్పడానికి అది బాగుంటుంది. పాడించడానికి ట్రాక్ రికార్డు చేసి ముందే పంపండి. ఒక బార్ (ఒక తాళం చుట్టు) లెక్క వినిపించి మొదలుపెట్టండి, ట్రాక్ ఎవరికి పంపుతున్నారో వాళ్ల స్వరాన్ని మిగతావాటికంటే కాస్త గట్టిగా వాయించండి, చరణాల మధ్య మీరు సభలో ఇచ్చేంత విరామం ఇవ్వండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా జత చేయండి. వాయిస్ మెసేజ్ మాటల కోసం కుదించేది, పియానో మోత అందులో నలిగిపోతుంది. పిల్లలు పాడిన రికార్డింగులను మాత్రం లింక్ ఉన్న ఎవరైనా తెరవగలిగే ఫోల్డర్‌లో పెట్టకండి. సభ్యుల మెయిల్ ఐడీలకు మాత్రమే అనుమతి ఇవ్వండి.

ప్రశ్న: పేజీలు తిప్పే బ్లూటూత్ పెడల్ కలిపాక ట్యాబ్‌లో టైప్ చేయబోతే కీబోర్డు తెర మీదికి రావడం లేదు. వైరస్సా?

జవాబు: కాదు. పెడల్ తనను తాను ఒక కీబోర్డుగా పరిచయం చేసుకుంటుంది. అసలు కీబోర్డు ఉంది కదా అని ట్యాబ్ తెర మీదిది దాచేస్తుంది. ఆండ్రాయిడ్‌లో ‘ఫిజికల్ కీబోర్డ్’ సెట్టింగ్‌లోకి వెళ్లి, తెర మీది కీబోర్డును చూపించమని ఆన్ చేయండి. ఇక్కడ బ్లూటూత్ ఆలస్యం గురించి బెంగ వద్దు, పేజీ కాస్త ముందే తిప్పుతారు కాబట్టి తేడా తెలియదు. ఒక్కసారి నొక్కితే రెండు పేజీలు పోతున్నాయంటే కాలు ఎక్కువసేపు ఉంచుతున్నారు. పెడల్‌లో కీ రిపీట్ ఆపే మోడ్ ఉంటే దానికి మార్చండి. ఆరాధన ముందురోజు రాత్రి ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపి, ఆరాధన మొదలయ్యే ముందు డు నాట్ డిస్టర్బ్ పెట్టి, తెర దానంతట అదే ఆరిపోకుండా చూసుకోండి. మొదటి పాట, ముగింపు పాట కాగితం మీద ప్రింట్ తీసి స్టాండు మీద ట్యాబ్ వెనకే ఉంచండి.