జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్‌లో రాసుకున్న కన్సోల్‌ని (ఒక్కో లైన్ టైప్ చేస్తే వెంటనే నడిపి జవాబు చూపేది) అలాంటివే అయిన డెనో, బన్‌లలోనూ నడపాలంటే లైబ్రరీ వెతకాలా, సొంతంగా రాసుకోవాలా?

రాసుకోవచ్చండీ. నేను రాశాను. రెండు రోజుల పని అనుకుంటే మూడు వారాలు పట్టింది.

మా ఆఫీసులో నోడ్‌తో వచ్చే రెప్ల్ మాడ్యూల్ (ఇలాంటి కన్సోల్ కట్టుకోవడానికే ఉన్నది) మీద కట్టుకున్న చిన్న కన్సోల్ ఉండేది. సర్వర్‌ని బన్‌కి మార్చాక అది తెరుచుకోలేదు. అప్పటికి బన్‌లో ఆ మాడ్యూలే లేదు. పక్క టీమేమో డెనో వాడుతోంది.

రంగులు, కర్సర్, పై బాణం నొక్కితే పాత లైన్ రావడం... నేను టెన్షన్ పడింది వీటికి. తీరా చూస్తే టైప్ చేసిన లైన్‌ని చదివే రీడ్‌లైన్ మాడ్యూల్ మూడింటిలోనూ ఉంది, ఆ పని ఒక పూటలో అయిపోయింది. చిక్కంతా టైప్ చేసిన లైన్‌ని నడిపే దగ్గర వచ్చింది. గ్లోబల్ ఎవాల్‌తో (టెక్స్ట్‌ని కోడ్‌గా నడిపే ఫంక్షన్) నడిపితే వర్ అని రాసిన వేరియబుల్ తర్వాతి లైన్‌కి మిగులుతుంది. లెట్, కాన్‌స్ట్ అని రాసినవి అక్కడితోనే పోతాయి. "ఇప్పుడే పెట్టిన పేరు కింది లైన్‌లో అడిగితే లేదంటోంది" అని మా టెస్టర్ పిలిచేదాకా నాకు తట్టలేదు. చివరికి కోడ్‌ని విడదీసి చదివే ఎకార్న్ అనే పార్సర్‌తో పైస్థాయిలో ఉన్న లెట్, కాన్‌స్ట్‌లను వర్‌గా మార్చి నడిపాను. మారకూడని విలువకి వాడే కాన్‌స్ట్‌కి అర్థం లేకుండా పోయింది, నిజమే. ఎవరూ పట్టించుకోలేదు సరికదా, ఒకే పేరు రెండోసారి పెట్టుకోవచ్చని సంబరపడ్డారు.

బ్రాకెట్ తెరిచి ఎంటర్ కొడితే "ఇంకా ఉంది" అని కన్సోల్ ఆగాలి కదా. నోడ్, డెనోలలో కోడ్‌ని నడిపే ఇంజిన్ వీ8. కోడ్ సగంలో ఆగితే అది "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఇన్‌పుట్" అంటుంది. బన్‌ది జావాస్క్రిప్ట్‌కోర్, అది "ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్" అంటుంది. నేను తెలివిగా ఆ మెసేజ్‌నే పోల్చి చూశాను! బన్‌లో ఏ ఫంక్షన్ మొదలుపెట్టినా మొదటి లైన్‌కే ఎర్రర్. ఇప్పుడు ఎకార్న్ చూపించే తప్పు సరిగ్గా టెక్స్ట్ చివరే ఉంటే ఆగుతుంది. నోడ్ రెప్ల్ లోపల కూడా దీనికి ఎకార్న్‌నే వాడతారు. బ్యాక్‌టిక్ (`) గుర్తుతో మొదలుపెట్టిన స్ట్రింగ్‌ని మధ్యలో ఆపితే మాత్రం ఈ లెక్క కుదరదు, దాన్ని విడిగా చూసుకోండి.

డెనోలో పాత లైన్లు దాచుకునే హిస్టరీ ఫైల్‌కి రీడ్, రైట్ పర్మిషన్లు ముందే ఇచ్చేయండి.

మీ కన్సోల్ డేటాబేస్ చూడటానికే అయితే ఇదంతా ఎందుకు? సర్వర్ ఎందులో నడిచినా అదొక్కటీ నోడ్‌లో వదిలేయండి. మాది సర్వర్ ప్రాసెస్ లోపలే నడిచి, మెమరీలో ఉన్న క్యాష్‌ని చూపించాలి కాబట్టి తప్పలేదు.