టర్బో ఇంజన్ బ్లాక్ ఎవరి చేతికివ్వాలి?

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కారు ఇంజన్‌కి టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) పెట్టిద్దామనుకుంటున్నావని, బ్లాక్‌ని, అంటే సిలిండర్లుండే ఇంజన్ దిమ్మని, ఏ మెషిన్ షాప్‌కి ఇవ్వాలో తేలడం లేదని రాశావు. ఏ టర్బో కొనాలన్న దాని కంటే ఇదే పెద్ద నిర్ణయం అల్లుడూ. టర్బో సరిపడకపోతే విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు. బోర్, అంటే సిలిండర్ రంధ్రం, ఎక్కువ కోసేస్తే పోయిన లోహం మళ్ళీ రాదు.

గోడ మీది రేసు కార్ల ఫొటోలు, ఇంజన్ పవర్ కొలిచిన డైనో షీట్లు చూసి షాప్ ఎంచుకోకు. నువ్వు వెళ్ళగానే అక్కడి పెద్దాయన నిన్నేం అడుగుతాడో విను. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఎంత, ఏ ఇంధనం, రోజూ నడిపే కారా ట్రాక్ కోసమా, పిస్టన్లు ఏవి, సిలిండర్ల మీద కూర్చునే హెడ్‌కి బోల్టులా, రెండు కొసలా మరలుండే స్టడ్లా, మధ్య సందు మూసే గాస్కెట్ ఏది... ఇవన్నీ అడిగాడంటే పని తెలిసినవాడే. ఏమీ అడక్కుండా "పెట్టి వెళ్ళండి, మేం చూసుకుంటాం" అన్నాడంటే అక్కడ పెట్టకు. ఆ జవాబులు తెలియకుండా టర్బో బ్లాక్‌లో బోర్ కొలత ఖాయం చేయడం కుదరదు.

ఎందుకో చెప్తాను. ఫ్యాక్టరీ పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య మామూలుగా 0.03 నుంచి 0.05 మిల్లీమీటర్ల క్లియరెన్స్, అంటే సందు, ఉంటుంది. నువ్వు వేయించాలనుకుంటున్న ఫోర్జ్‌డ్ పిస్టన్లు 2618 రకం అల్యూమినియంవి అయితే, వాటిలో సిలికాన్ చాలా తక్కువ కాబట్టి వేడికి బాగా సాగుతాయి. టర్బోకైతే చాలావాటికి క్లియరెన్స్ 0.08, 0.10 మిల్లీమీటర్ల దాకా కావాలి. 4032 రకంలో సిలికాన్ 12 శాతం దాకా ఉంటుంది కనుక తక్కువ సాగుతుంది, చల్లగా ఉన్నప్పుడు చప్పుడూ తక్కువే, కానీ నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజన్ కొట్టుకోవడం) వస్తే 2618 అంత ఓర్చుకోదు. అసలు లెక్క పిస్టన్ కంపెనీ ఇచ్చే స్పెక్ షీట్‌లో ఉంటుంది. అందుకని ముందు పిస్టన్లు చేతికి రావాలి, ఆ తర్వాతే బోర్. ఒక్కో పిస్టన్‌నీ కంపెనీ చెప్పిన చోట కొలిచి, అది ఏ సిలిండర్‌లోకి వెళ్తుందో దాని మీద నంబర్ రాసి, ఆ సిలిండర్‌ని దానికి తగ్గట్టు హోన్ చేయాలి, అంటే రాపిడి రాళ్ళతో సన్నగా అరగదీయాలి. "పిస్టన్లు వచ్చేలోపు బోర్ చేసి ఉంచుతాం, టైమ్ కలిసొస్తుంది" అంటే బ్లాక్ వెనక్కి తెచ్చేసుకో.

తర్వాత టార్క్ ప్లేట్ సంగతి తప్పకుండా అడుగు. హెడ్ బిగించగానే స్టడ్ల లాగుడుకి సిలిండర్ పై భాగం కాస్త గుండ్రం తప్పుతుంది. హెడ్ లేకుండా ఎంత గుండ్రంగా హోన్ చేసినా, బిగించాక అది గుండ్రంగా ఉండదు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు గోడకి సరిగా ఆనవు, ఆయిల్ తాగుతుంది, క్రాంక్‌కేస్‌లోకి గ్యాస్ దిగుతుంది. బూస్ట్ పెరిగేకొద్దీ ఆ గ్యాస్ ఇంకా ఎక్కువవుతుంది. అందుకే హెడ్ స్థానంలో మందపాటి పలక పెట్టి, నువ్వు వాడబోయే స్టడ్లతోనే, అదే రకం గాస్కెట్‌తో, అదే టార్క్‌కి బిగించి హోన్ చేస్తారు. "మా ఇంజన్ మోడల్‌కి ప్లేట్ ఉందా, ఒకసారి చూపిస్తారా?" అని అడుగు. ఉన్నవాళ్ళు సంతోషంగా చూపిస్తారు. "అంత అవసరం లేదండీ" అంటే నమస్కారం పెట్టి వచ్చెయ్. క్రాంక్‌ని పట్టి ఉంచే మెయిన్ క్యాప్‌లకి కూడా బోల్టులు తీసి స్టడ్లు వేయిస్తున్నావనుకో, బిగింపు మారి బేరింగ్ కూర్చునే బోర్ ఆకారం మారుతుంది. ఆ బోర్లన్నీ ఒకే వరసలో సరిచేసే లైన్ హోనింగ్ చేస్తారా అని అదీ కనుక్కో.

వీలైతే ఒక సిలిండర్‌ని కొలిచేటప్పుడు పక్కన నిలబడి చూడు. మంచి పనివాడు ముందు మైక్రోమీటర్ తుడిచి స్టాండర్డ్‌తో సరిచూసుకుంటాడు, దాన్ని బట్టి డయల్ బోర్ గేజ్ సెట్ చేస్తాడు. గేజ్‌ని బోర్‌లో దింపి మెల్లగా అటూ ఇటూ ఊపుతూ ముల్లు వెనక్కి తిరిగే చోటు పట్టుకుంటాడు. పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట క్రాంక్ పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి. సిలిండర్‌కి ఆరు కొలతలు, నాలుగు సిలిండర్లకి ఇరవై నాలుగు. చూసినవి చూసినట్టు కాగితం మీద పెడతాడు. హోనింగ్ వేడి మీద కొలిచి ఇదే ఫైనల్ అనడు, ఎందుకంటే చల్లారాక బోర్ బిగుస్తుంది. నాకు షాప్ మీద నమ్మకం కుదిరేది ఇక్కడే, కొత్త మెషిన్లు చూసి కాదు. పాత హోనింగ్ మెషిన్‌తో బంగారంలాంటి పని చేసేవాళ్ళున్నారు.

నీ బ్లాక్ ఇనుముదా, అల్యూమినియందా? ఇనుముదైతే పగుళ్ళు మాగ్నెటిక్ పరీక్షతో బయటపడతాయి. అల్యూమినియానికి అది పనికిరాదు, పగుళ్ళలోకి ఇంకే రంగు, అంటే డై పెనెట్రంట్, వాడాలి. నికాసిల్ అనే గట్టి పూత ఉన్న బోర్ అయితే మామూలు బోరింగ్ చేస్తే పూత పోతుంది, ఆ పని వచ్చిన చోటికే తీసుకెళ్ళాలి. బోర్ పెద్దది చేయించేముందు గోడ మందం శబ్ద తరంగాలతో కొలిచే సోనిక్ టెస్టర్‌తో చూడమను. పల్చబడ్డ గోడ బూస్ట్‌కి నిలవదు.

కడగడం దగ్గర చాలామంది అశ్రద్ధ చేస్తారు. హోనింగ్ పొడి పెట్రోల్‌తో తుడిస్తే పోదు. వేడి సబ్బు నీళ్ళు, బ్రష్షుతో రుద్ది, తెల్లగుడ్డతో తుడిస్తే బూడిద మరక అంటకూడదు. ఆయిల్ గ్యాలరీల (ఆయిల్ పారే దారుల) ప్లగ్గులు విప్పి లోపల కూడా కడుగుతారా అని అడుగు. ఆ పొడి మిగిలితే బేరింగులు మొదటి రోజు నుంచే అరగడం మొదలవుతుంది.

మెషినింగ్ ఒకచోట, బిగింపు ఇంకోచోట పెట్టుకోకపోతే మంచిదని నా అభిప్రాయం. ఏదైనా తేడా వస్తే ఆయన ఈయన్ని, ఈయన ఆయన్ని చూపిస్తారు, మధ్యలో నలిగేది నువ్వు. తప్పనిసరైతే రింగ్ గ్యాప్ (రింగ్ రెండు కొసల మధ్య సందు) ఎవరు పెడతారో ముందే తేల్చుకో. టర్బోకి ఎక్కువ గ్యాప్ కావాలి. 86 మిల్లీమీటర్ల బోర్‌కి పై రింగ్ గ్యాప్ సుమారు 0.43 నుంచి 0.52 మిల్లీమీటర్ల దాకా వస్తుంది, అయినా ఫైనల్ మాట రింగ్ కంపెనీదే. తక్కువైతే వేడికి రింగ్ కొసలు ఒకదానికొకటి గుద్దుకుని పిస్టన్ అంచు విరుగుతుంది.

పని అప్పగించే రోజే ఏమేం చేస్తారో, ఏ కొలతకి చేస్తారో కాగితం మీద రాయించుకో. బ్లాక్ తీసుకునే రోజు బోర్ సైజులు, పిస్టన్ క్లియరెన్స్, మెయిన్, రాడ్ బేరింగ్ క్లియరెన్స్ అన్నీ రాసిన షీట్ ఇస్తేనే మిగతా డబ్బు ఇస్తానని ముందే చెప్పు. మంచివాళ్ళ దగ్గర క్యూ ఉంటుంది, ఆగు. ఈలోగా పిస్టన్ల స్పెక్ షీట్ నాకు పంపించు, ఆర్డర్ పెట్టేముందు నేనూ ఒకసారి చూస్తాను.

నీ మామయ్య