మందబయలు ‘ప్రభుత్వ భూమి’ అయిపోతే?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. ఊరి గొర్రెలన్నీ తాతలనాటి నుంచి మేసే మందబయలు ఉంది. ఆన్‌లైన్ అడంగల్లో ఉత్త ‘ప్రభుత్వ భూమి’ అని వస్తోంది. ఒక అంచున ఎవరో నిమ్మమొక్కలు కూడా నాటారు. ఊరి పేరున రిజిస్టర్ చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: సబ్ రిజిస్ట్రారు దగ్గర జరిగే పని కాదిది. ఊరి పేరున పట్టా కూడా రాదు. కావలసింది రెవెన్యూ రికార్డులో సరైన తరగతి, పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో పద్దు.

అర్జీకి ముందు పాత కాగితం సంపాదించండి. అడంగల్ ఏటా రాసే లెక్క. భూమి ఏ రకమో తేల్చేది ఆర్‌ఎస్‌ఆర్, అంటే పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. పొదిలి, దర్శి, వెంకటగిరి వైపు పాత జమీందారీ ఊళ్లకైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడాలి. తహసీల్దారు కార్యాలయంలో ధ్రువీకరించిన నకలు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. నకలు చేతికి రాగానే చివరి గడి చదవండి, ‘మందబయలు’ అనో ‘మేత పోరంబోకు’ (మేతకు వదిలిన ప్రభుత్వ భూమి) అనో ఉండేది అక్కడే.

ఆ మాట ఉంటే సగం పని అయినట్టే. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వం వేరే అవసరానికి ఉంచుకోని మేత భూములు, కళ్లాలు, శ్మశానాలు, తోపులు పంచాయతీకి దఖలు పడతాయి. సర్వే నంబరు, విస్తీర్ణం, తరగతి రాసి పంచాయతీ చేత తీర్మానం చేయించండి. ‘ఊరి ఉమ్మడి భూమి’ అని మాత్రమే రాసిన తీర్మానం ఎందుకూ కొరగాదు. తీర్మానానికి పాత రికార్డు నకలు జతచేసి, అడంగల్ సవరించమని తహసీల్దారును కోరండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఆ నంబరు ఉందో లేదో కూడా చూసుకోండి, లేకపోతే ఎవరైనా అమ్మకం దస్తావేజు రాయించుకోగలరు.

తర్వాత హద్దులు. గ్రామ సచివాలయంలో ఎఫ్‌లైన్ అర్జీ (హద్దులు కొలిచి చూపమనే దరఖాస్తు) ఇచ్చి సర్వేయరుతో కొలిపించండి. పాత ఎఫ్‌ఎంబీలో (సర్వే నంబర్ల కొలతల పటాల పుస్తకం) అంకెలు లింకులు, అడుగులు కావు. 100 లింకులంటే 66 అడుగులు. 450 అని ఉన్నచోట 450 అడుగులు కొలిస్తే 153 అడుగులు పక్క పొలంలోకి వెళ్లినట్టే. ఊళ్లో సగం తగాదాలు ఇక్కడే మొదలవుతాయి. రాళ్లు వెంటనే నాటించండి.

నిమ్మమొక్కల సంగతికొస్తే, వేసినవాళ్లు బీ మెమో రసీదు చూపిస్తే కంగారు పడొద్దు. అది ఆక్రమణకు కట్టించుకున్న శిస్తు, జరిమానా. దాంతో హక్కు రాదు. 1905 భూ ఆక్రమణ చట్టం 7వ సెక్షన్ నోటీసు ఇచ్చి, సంజాయిషీ విన్నాక 6వ సెక్షన్ కింద ఖాళీ చేయించమని తహసీల్దారుకు రాయండి. నోటీసు లేకుండా మొక్కలు పీకిస్తే కోర్టులో వాళ్లదే పైచేయి అవుతుంది.