పంటు ఏ రేవులో ఎక్కాలి?

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ ల్యాబ్‌లో డిస్కు లేని మెషీన్లు ఒక్కటీ నెట్‌వర్క్ మీద బూట్ కావడం లేదని రాశావు. టెన్షన్ పడకు. సర్వర్ జోలికి పోకుండా ముందు రౌటర్ చూడు.

మెషీన్ ఆన్ కాగానే అడ్రస్ ఇమ్మని కేక వేస్తుంది. అది బ్రాడ్‌కాస్ట్, అంటే ఆ నెట్‌వర్క్‌లో అందరికీ వేసే కేక, రౌటర్ దాటదు. సఖినేటిపల్లి రేవులో నిలబడి అరిస్తే గోదావరి అవతల నరసాపురంలో వినపడుతుందా? పంటు ఎక్కాల్సిందే. సిస్కో రౌటర్‌లో ఆ పంటు ఐపీ హెల్పర్ అడ్రస్ అనే కమాండు. అందులో రాసేది అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ అడ్రసే, కానీ ఆ లైను ఇవ్వాల్సింది మెషీన్లున్న వైపు ఇంటర్‌ఫేస్ (రౌటర్ పోర్టు) మీద. జనం ఎక్కేది ఇవతలి రేవులో కదా. ల్యాబ్‌కి విడిగా వీలాన్ (స్విచ్‌లోనే వేరు చేసిన నెట్‌వర్క్) ఉంటే ఆ వీలాన్ ఇంటర్‌ఫేస్ మీదే ఇవ్వు. అమలాపురంలో నేను సర్వర్ వైపు ఇచ్చేసి, తెల్లారేదాకా సర్వర్ సెట్టింగులు తిరగేశాను. ఆ రాత్రి నీకు రాకూడదు.

ఇంకో మాట. కేకను పంపేటప్పుడు రౌటర్ ఆ ఇంటర్‌ఫేస్ అడ్రస్‌ను అందులో రాస్తుంది. సర్వర్ దాన్ని చూసే ఏ స్కోప్‌లోంచి (అడ్రస్‌ల గుంపులోంచి) ఇవ్వాలో తేల్చుకుంటుంది, జవాబూ అక్కడికే పంపుతుంది. అందుకని ఆ ఇంటర్‌ఫేస్‌ను సోర్స్‌గా పెట్టి సర్వర్‌కి పింగ్ కొట్టు. మామూలు పింగ్ వెళ్లి ఇది వెళ్లకపోతే, సర్వర్‌కి తిరుగుదారి తెలియదన్నమాట.

తెర మీద వచ్చే ఎర్రర్ నంబరు తప్పకుండా రాసుకో. ఈ51 అంటే అసలు జవాబే రాలేదు. ఈ53 అంటే అడ్రస్ వచ్చింది, బూట్ ఫైల్ పేరు రాలేదు. డీహెచ్‌సీపీలో ఆప్షన్ 66, 67 (బూట్ సర్వర్ పేరు, బూట్ ఫైల్ పేరు) చూడు. ఈ32 అయితే బూట్ ఫైల్ తెచ్చిపెట్టే టీఎఫ్‌టీపీ అందలేదు. ఏది వెళ్లొచ్చో చెప్పే యాక్సెస్ లిస్టులో టీఎఫ్‌టీపీ పోర్టు 69 ఒక్కటే తెరిస్తే చాలదురా, సర్వర్ జవాబిచ్చేది వేరే పోర్టు నుంచి.

స్విచ్‌లో మెషీన్ల పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ పెట్టు. లేకపోతే లూపులు రాకుండా కాపలా కాసే స్పానింగ్ ట్రీ ఆ పోర్టును 30 సెకన్లు ఆపుతుంది, కొన్ని నెట్‌వర్క్ కార్డులు అంతసేపు ఆగవు.

ముందు ఒక్క మెషీన్‌తోనే చూడు. అది లేవగానే రైట్ మెమరీ కొట్టి సెట్టింగులు సేవ్ చెయ్యి, మన వైపు కరెంటు ఎప్పుడు పోతుందో తెలుసుగా. రాత్రికి ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

పెదనాన్న